సైకిళ్ల మీద మూడు మంచి పుస్తకాలు

సైకిళ్ల మీద తెలుగులో మంచి పుస్తకాలు మూడుండాయి. ఒకటి 'చైను పడిన చోటు'. రెండోది 'దిగి నడిపించాల్సిన ఎత్తు'. మూడోది 'పంచరుకు పదకొండు కారణాలు'. నన్నడిగితే రెండోదే గొప్పది. అయితే మీరు పోయి యాడా వెతకొద్దండి. యా అంగట్లోనూ దొరకవు.

అబుదాబి పక్కన ఈ ముసఫ్ఫా క్యాంపుకు కొత్తగా ఎవుడొచ్చినా ఎవురో ఒకరు నా మీదికి తోల్తారు, సైకిల్ పుస్తకాల సంగతి షావలన్నను అడగుపో అని. వాళ్లకదొక నవ్వులాట. వచ్చినోడు అడుగుతాడు, నేను కసురుకుంటా, వాళ్లు పక్కన నిలబడి పండ్లికిలిస్తారు. ఈ పొద్దు మీరొచ్చినారు. నాకు మధ్యాన్నం నుంచీ మనసు బాగలే. కసురుకునే ఓపిక కూడా లే. కూర్చోండి, ఆ టైరు పక్కకు జరపండి. మొదట్నుంచీ చెప్తా, మధ్యలో ప్రశ్నలెయ్యొద్దు.

నాది ప్రొద్దుటూరు పక్కన పల్లె. డెబ్బై తొమ్మిదిలో వచ్చినా. ఈ పైపుల యార్డు చూసినారు కదా, ఈ కొస నుంచి ఆ కొసకు నడిస్తే ముప్పావుగంట. ఎండాకాలం నడిస్తే మనిషి మిగలడు. అందుకని కంపెనీ ఫోర్‌మన్లకూ ఫిట్టర్లకూ అరవై సైకిళ్లు ఇచ్చింది. ఆ అరవైకీ ఒక్కడే మెకానిక్కు, నేను. ఊళ్లో చెప్తే నవ్వుతారు, దుబాయ్ పోయి సైకిల్ పంచర్లేస్తుండాడా అని. నవ్వుకోనీ. ఈడ పంచరు ఎయ్యడం ఊళ్లో మాదిరి కాదప్పా. ట్యూబు మీద సొల్యూషన్ పూసి పట్టీ చేతికి తీసుకునే లోపలే ఎండిపోతాది. ఇసుక పోయి బేరింగుల్లో గ్రీజుతో కలిసి పిండైపోతాది. ఉప్పుగాలికి స్పోకులు ఆర్నెల్లకు తుప్పు. మన ఊళ్లో మొనగాడనుకున్నోడు ఈడికొస్తే వారానికి చేతులెత్తేస్తాడు.

నాకు నోరెక్కువ. దాచేదేముంది, క్యాంపంతా తెల్సిన సంగతే. రూములో ఎనిమిది మందిమి. ఒకడు రేడియో గట్టిగా పెడితే అరుస్తా, ఇంకొకడు నా చెప్పులేసుకుంటే అరుస్తా. అరిచి అరిచి చివరికి ఏమాయెనంటే, నేను లోపలికొస్తే మాటలాగిపోతాయి. మొదట్లో అదే బాగుందనుకుంటిని. తర్వాత్తర్వాత తెల్సె, ఒక మనిషి పొద్దుటి నుంచి మాపటి దాకా ఎవురితోనూ మాట్లాడకుంటే, మాపటేళ నోరు తెరిస్తే గొంతు పెగల్దు. ఒకసారి మెస్సులో పప్పెయ్యమని అడగబోతే మాట రాలే. వంటాయన నాకేదో రోగమొచ్చిందనుకునె.

పెండ్లి కాలే. ఎందుకు కాలేదని అడగొద్దండి. ఇంట్లో ఉండిందల్లా మాయమ్మ, అక్తర్ బీ. పక్కింటోళ్లతో రాయించి నెలకొక ఉత్తరం వేసేది. నేనొచ్చిన రెండో ఏడు ఆయమ్మ పాయె. ఆ సంగతి నాకు ఇరవై దినాల తర్వాత తెల్సె. దాని తర్వాత నాకు ఉత్తరం రాసే మనిషి భూమ్మీద లేకుండా పాయె.

ఈడ ఉత్తరాల సంగతి చెప్పాల. గురువారం మధ్యాన్నం కంపెనీ డ్రైవరు అబుదాబి పోస్టాపీసు పెట్టె నుంచి ఉత్తరాల కట్ట తెస్తాడు. టైంకీపరు వెంకట్రాములు మెస్సులో బెంచీ ఎక్కి పేర్లు పిలుస్తాడు. జగిత్యాల దిక్కు మనిషి, గొంతు మైకు మాదిరి ఉంటాది. పిలుస్తుంటే క్యాంపంతా ఆడ నిలబడుకుంటాది. నేను మూడేండ్లు దూరంగా, చేతులు తుడుచుకుంటా నిలబడుకుంటిని. రాదని తెల్సు. అయినా నిలబడేది. వెంకట్రాములు కట్ట అయిపోయినాక నా దిక్కు చూసి తల దించుకునేటోడు. ఆ చూపుకు నాకు ఒళ్లు మండేది.

ఎనభై మూడులో, సెలవు నుంచి వచ్చిన ఎవురో తెచ్చిన వారపత్రిక ఒకటి నా చేతిలో పడె. అట్ట లే, సీరియల్ కాగితాలు లే, వెనక రెండు కాగితాలు మాత్రం బాగుండాయి. దాంట్లో కలం స్నేహం శీర్షిక. పేరు, వయసు, చిరునామా, అభిరుచులు రాసి కూపన్ అంటించి పంపితే అచ్చేస్తారు, ఇష్టమున్నోళ్లు ఉత్తరాలు రాస్తారు. అందరివీ చదివితిని. ఒకరు స్టాంపులు పోగేస్తారంట, ఒకరు పాటలు వింటారంట, ఒకరు ప్రకృతిని చూస్తారంట. అభిరుచులంట! నాకేం అభిరుచులుంటాయప్పా? పొద్దున్నే లేచి కిరసనాయిలు పోసి చైన్లు కడుగుతా, మాపటికి పడుకుంటా. అభిరుచి: చైన్లు కడుగుట అని రాస్తే ఎవురు రాస్తారు? శానాసేపు పెన్ను నములుతా కూర్చొని, 'సైకిళ్ల గురించిన పుస్తకాలు చదవడం' అని రాసేస్తిని. సైకిళ్లు ఎట్లైనా తెల్సు. పుస్తకాలంటే రొంత మర్యాద. రెండూ కలిపితే బాగుందనిపించె. అంతే, పాపం మొదలైంది ఆడనే.

అచ్చయినాక ఏడు ఉత్తరాలొచ్చె. ఆ గురువారం వెంకట్రాములు "షావలన్నా!" అని ఒకటి తర్వాత ఒకటి పిలుస్తానే ఉండె. "ఏందే గిన్ని ఉత్తరాలు, సంబంధాలు జూస్తున్నవా ఏంది?" అని ఎగతాళి కూడా చేసె. నేను రూముకు పరిగెత్తి విప్పి చూస్తే ఆరింటిలో వీసా పంపమని. ఒకడైతే నన్ను అన్నా అని కూడా పిలవలే, నేరుగా పాస్‌పోర్టు నంబరు రాసి పెట్టె. ఆరూ చించేస్తిని. ఏడోది పోస్టల్ కవరు, గుండ్రని చేతిరాత.

"గౌరవనీయులైన షావలి గారికి, సూరిబాబు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. నేను తుని దగ్గర పల్లెలో ముప్పై ఒక్క ఏళ్లు పోస్ట్‌మాన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. రోజుకు పద్దెనిమిది మైళ్లు సైకిల్ మీద తిరిగేవాణ్ణి. చక్కెర జబ్బు చేసి రెండేళ్ల కిందట కుడికాలు మోకాలి దగ్గరికి తీసేశారు. బండి ఇంట్లోనే ఉంది. ఎక్కలేను, అమ్మలేను. సైకిళ్ల గురించి పుస్తకాలు ఉంటాయని మీ ప్రకటన చూసేవరకూ నాకు తెలియదు. మంచివి ఏవైనా చెప్పగలరు. ఎక్కలేకపోయినా చదువుకుంటాను."

ఈ మనిషి వీసా అడగలే. నా గురించి అడగలే కూడా. పుస్తకాలడిగె. ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదివినానో చెప్తే మీరు నవ్వుతారు. నిజం రెండు ముక్కల్లో రాసేయొచ్చు: అయ్యా, అట్లాంటి పుస్తకాలు నేను చదవలే, ఏదో రాయాలని రాసినా. రాస్తే ఆయన అయ్యో అనుకొని ఊరుకుంటాడు. ఊరుకుంటే మళ్లా ఉత్తరం రాదు. గురువారం నేను మళ్లా చేతులు తుడుచుకుంటా దూరంగా నిలబడుకోవాల. నాకు చేతకాలే.

కాబట్టి పుస్తకాలు పుట్టిస్తిని. మధ్యాన్నం ఎండకు పని ఆపేస్తారు కదా, ఆ టైములో ఈ కంటైనరు నీడలో టైర్ల మీద కూర్చొని రాసేది. 'చైను పడిన చోటు'లో ఒకాయనకు రోజూ ఒకే చోట చైను పడిపోతాంటాది. చైను మార్చినా పడతాది, బండి మార్చినా పడతాది. చివరికి విసుగొచ్చి ఆడనే టీ అంగడి పెట్టుకుంటాడు, బాగుపడతాడు. అది సూరిబాబుగారికి బో నచ్చె. అట్లాంటి చోటు వాళ్ల ఊరి కాలవ గట్టు మీద కూడా ఒకటుందని రాసె. రచయిత ఎవరని అడిగె. అట్ట చినిగిపోయింది, పేరు కనపల్లేదని రాస్తిని.

రెండో పుస్తకంలో ఒకాయన జబ్బు చేసిన పెండ్లాన్ని రోజూ క్యారియరు మీద కూర్చోబెట్టుకొని ఆస్పత్రికి తీసకపోతాంటాడు. దావలో ఒక ఎత్తుంటాది. ఇద్దరితో బండి ఎక్కదు, ఆయన దిగి నడిపిస్తాడు. ఆయమ్మ వెనక కూర్చొని ఎగతాళి చేస్తాంటాది, మగోడివి కాదా తొక్కు తొక్కు అని. ఒక దినం ఆయన ఒక్కడే తిరిగొస్తాడు. బండి ఖాళీ. ఎత్తు కాడికొచ్చినాక దిగాల్సిన పని లేకున్నా దిగి నడిపిస్తాడు. ఇది రాసేటప్పుడు నాకే ఏడుపొచ్చె. ఎవురూ చూడకుండా గ్రీజు గుడ్డతో మొగం తుడుచుకుంటిని, మొగమంతా నలుపు. మూడోది పనికొచ్చే పుస్తకం. పంచరుకు కారణాలు పది నాకు తెల్సు, పదకొండోది మనమంటే గిట్టనోడు అని రాస్తిని. ఆయన దానికి ఒక కాగితం నిండా నవ్వి పంపె. నవ్వు ఉత్తరంలో ఎట్ల పంపుతారని మీరనొచ్చు. ఆయన పంపగలడు.

మూడు వారాలకొకటి వచ్చేది. షావలి గారూ అనేది పోయి తమ్ముడూ అయింది. నేను అన్నా అంటిని. వాళ్ల ఇంట్లో కూడా ఎవురూ లేరు. భార్య ముందే పాయె. పక్క వీధి మేనకోడలు రెండుపూటలా క్యారేజీ పెట్టిపోతాదంట, కూర్చోదంట. పగలంతా బండి పక్కన కుర్చీ వేసుకొని పెడలు చేత్తో తిప్పుతా చక్రం చూస్తాంటాడంట. ముప్పై ఒక్క ఏళ్లు ఏ వాకిట్లో నిలబడి బెల్లు కొడితే జనం ఎదురొచ్చినారో, ఆ ఊళ్లో ఇప్పుడు ఎవురూ పలకరించరంట. నేను మాత్రం నా గురించి ఒక్క ముక్క రాయలే. నేను పుస్తకాలు చదివే పెద్దమనిషిని కదా, ఈ ఏడుపులు ఎట్ల రాస్తా? నాలుగో కాగితం దాకా పుస్తకాలే.

మరి పుస్తకాలంటే చదివేవాడు చదవాలనుకుంటాడు కదా. నా తిక్క బుర్రకు అది తోచలే. ఆయన మొదట శాఖా గ్రంథాలయంలో అడిగె. లేవనిరి. కండక్టరుతో కాకినాడకు చీటీ పంపె. లేవనిరి. నేనేమో, అవి పాతవన్నా, దొరకవు, వదిలెయ్ అని రాస్తిని. అట్ల రాస్తే ఆయన పట్టుదల ఇంకా పెరిగె. ఎనభై అయిదు ఎండాకాలంలో వచ్చిన ఉత్తరం ఇట్లుండె:

"తమ్ముడూ, మొన్న నేనే కాకినాడ వెళ్లొచ్చాను. బస్సు దిగేటప్పుడు చంక కర్ర జారింది. పెద్ద దెబ్బేం కాదు, మోచెయ్యి గీసుకుపోయింది, పళ్లు రెండు కదిలాయి. నాలుగు షాపులు తిరిగాను. ఆఖరి షాపాయన నవ్వాడు. అసలు అలాంటి పుస్తకాలే లేవు, ఎవరో మీతో ఆడుకుంటున్నారు తాతా అన్నాడు. మా షావలి చదివిన పుస్తకాలు లేవనడానికి నువ్వెవడివయ్యా అని దెబ్బలాడి వచ్చాను. వచ్చే నెల రాజమండ్రి వెళ్తాను. అక్కడ పెద్ద గ్రంథాలయం ఉందట."

ఒంటికాలి మనిషి, అరవై దాటినోడు, ఎండలో నాలుగు అంగళ్లు తిరిగి, పండ్లు కదిలించుకొని, నా కోసం జగడం పెట్టుకొని వచ్చినాడు. నా అబద్ధం కోసం! రాజమండ్రి పోతే ఇంకా దూరం, ఇంకా పెద్ద మెట్లు. పడి చస్తే ఎవురిది పాపం? షావలిగాడిది. ఆ పొద్దు నాకు అన్నం లోపలికి పోలే.

రెండు దినాలు కిందామీదా పడి మూడో దినం, జూన్ పదిహేను, శనివారం, మూడు కాగితాలు రాస్తిని. మొదటి కాగితంలో నిజం. అన్నా, అట్లాంటి పుస్తకాలు లేవు, మూడూ నేనే పుట్టించినా, నువ్వు రాజమండ్రి పోవద్దు, నన్ను తిట్టు, క్షమించకున్నా పర్వాలేదు, బస్సు మాత్రం ఎక్కొద్దు. అంతటితో ఆపొచ్చు. పెన్ను ఆగలే. ఎట్లాగూ ఇదే ఆఖరి ఉత్తరం కదా, ఇంక ఈ మనిషి నాకు రాయడు కదా అనుకున్నాక నోరు విప్పినట్లాయె. తక్కిన రెండు కాగితాల్లో నా సంగతి. మాయమ్మ పోయిందని తెల్సిన పొద్దు నేనేం చేసినానో అది రాస్తిని. ఎవురికీ చెప్పంది. మీకు కూడా చెప్పను, అది ఆయనకని రాసింది. నీ ఉత్తరం కోసమే నేను గురువారం దాకా బతుకుతానని కూడా రాస్తిని. అతికించి, డ్రైవరుతో బండెక్కి పట్నం పోయి, వాడు పోస్టు డబ్బాలో వేసేది చూసి వస్తిని.

ఇంక రాదనుకున్నా. అయితే అయిదు దినాలకే, గురువారం, వెంకట్రాములు "షావలన్నా!" అని పిలిచె. నా ఉత్తరం ఇంకా సముద్రం కూడా దాటి ఉండదు. ఇది ఆయన అంతకుముందే వేసింది. రెండూ దావలో ఒకదాన్నొకటి దాటుకున్నాయన్న మాట. విప్పితిని.

"తమ్ముడూ, శుభవార్త! రాజమండ్రి వెళ్లనక్కర్లేకపోయింది. 'దిగి నడిపించాల్సిన ఎత్తు' దొరికింది! పిఠాపురంలో ఒక మాస్టారి ఇంట్లో. నువ్వన్నట్టే అట్ట లేదు. రెండు రోజుల్లో చదివేశాను. నువ్వు చెప్పినదానికంటే గొప్పగా ఉంది. అయితే ఏడో అధ్యాయం సంగతి నువ్వు నాకు రాయలేదేం? వరదల్లో ఆయన బండి భుజానెత్తుకుని పీకల్లోతు నీళ్లలో కాలవ దాటి, ఒకావిడకు ఉత్తరం తీసుకెళ్తాడు చూడు. ఆవిడ చదవమంటుంది. కొడుకు పోయాడని ఉంటుంది అందులో. ఆయన, కొడుకు క్షేమంగా ఉన్నాడు, పంటల తర్వాత వస్తాడట అని చదువుతాడు. తర్వాత ఆర్నెల్లు ఆవిడ ఇంటి మీదుగా వెళ్లడు."

దొంగ ముసలోడు! మొదట నాకొచ్చింది కోపమే, అబద్ధమెందుకు చెప్పను. లేని పుస్తకాన్ని పిఠాపురంలో చదివినాడంట, రెండు దినాల్లో! తర్వాత మళ్లా చదివితిని. అది పుస్తకంలోది కాదు కదా. ఆ కాలవ దాటినోడు ఆయనే. ముప్పై ఏండ్లు కడుపులో పెట్టుకున్నదాన్ని ఇప్పుడు పుస్తకం పేరు చెప్పి నాకు చెప్పుకున్నాడు. దొరకలే, దొరకలే అని రాసి రాసి, ఇంకోసారి దొరకలేదంటే ఈ తమ్ముడు రాయడం మానేస్తాడని భయపడినాడు. నా భయమే ఆయనకూ. నా మాదిరే ఆయనకూ ఇంకెవురూ లేరు.

అప్పుడు గుర్తొచ్చె, నా ఉత్తరం పోతాండాది. ఆయన పుస్తకం చదివినానని రాసిన తర్వాత, ఆ పుస్తకమే లేదని నా చేత్తో రాసింది పోయి ఆయన చేతిలో పడతాది. ఆయన దాన్ని చదివిన గడియలో ఏమైపోతాడు? అబద్ధం పట్టుబడిపోయిందని సిగ్గుతో చచ్చిపోతాడు. అట్లాంటి మనిషి మళ్లా పెన్ను పట్టుకోడు. నేను మంచి చేయబోయి ఆయన మొగాన కొట్టినట్లాయె.

వెంకట్రాములు కాడికి పరిగెత్తితిని. ఇన్నేండ్లలో నేను ఆయనతో నేరుగా మాట్లాడింది అదే మొదలు. "వెంకట్రాములన్నా, వేసిన ఉత్తరం వెనక్కి తీసుకునేదెట్ల?"

"డబ్బాల వడ్డంక ఏమొస్తది? ఖలాస్."

సంగతి చెప్పితిని, తడబడతా. ఆయన నవ్వలే. గడ్డం గీరుకొని అనె, "తార్ గొట్టు, గదే టెలిగ్రాం. తార్ రెండు దినాల్ల వోతది, ఉత్తరానికి పది పన్నెండు దినాలు. గని పట్నం వోవాలె. బండ్లన్నీ వొయినయ్, రేపు శుక్రవారం, బంద్ ఉంటదేమో. నీకు గీ పొద్దే మోక."

"సైకిలేసుకొని పోతా."

"పాగల్ అయినవా? కంపెనీ సైకిల్ గేటు దాటితే ముదీర్ నౌకరీ పీకి ఇంటికి టికెట్ చేతుల వెడ్తడు." అని నా మొగం చూసి, మళ్లా తనే, "యల్లా, పో. గేటుకాడ వాచ్‌మన్‌తోని నేను ముచ్చట వెడ్త. వాడు నా దిక్కు చూస్తుండంగ ఎల్లిపో" అనె.

అబుదాబి ఊళ్లోకి ఇరవై మైళ్లకు దగ్గరదగ్గర. ఏండ్ల తరబడి అరవై సైకిళ్లు బాగుచేసినోణ్ణి, బ్రేకు చూసేదానికి యార్డులో నాలుగు గజాలు తొక్కడమే తప్ప దావ మీద ఎక్కిందే లే. జూన్ నెల. హ్యాండిలు చేతుల్లో కాల్తాండాది. పక్కన లారీ పోతే ఇసుక మొగాన కొట్టి బండి రోడ్డు దిగిపోతాది. మక్తా వంతెన ఎక్కేటప్పుడు ఊపిరి చాల్లే. రోజుకు పద్దెనిమిది మైళ్లు ఎట్ల తొక్కినాడప్పా ఈ మనిషి, అనుకుంటా తొక్కితిని. అంతా మనసులో ఆయనతో మాట్లాడుకుంటానే తొక్కితిని. తెరవొద్దన్నా, తెరవొద్దన్నా అని.

టెలిగ్రాఫాఫీసులో ఒక మలయాళీ. నన్ను చూసి నీళ్లిచ్చె ముందు. తర్వాత కాగితం తీసి, "కౌన్ మరా?" అనె, ఎవురు పోయినారని.

"కోయీ నహీ."

"ఫిర్ టెలిగ్రామ్ క్యోం?"

మరి తార్ ఎందుకంట. వచ్చిన హిందీలో చెప్పితిని. ఆయన నన్నొకసారి ఎగాదిగా చూసి ఇంగ్లీషులో రాసి చదివి వినిపించె: 'డూ నాట్ ఓపెన్ మై లెటర్ ఆఫ్ ఫిఫ్టీంత్. బుక్ ఈజ్ రియల్. షావలి.' అర్థం చెప్పించుకొని, సరే అంటిని. తిరిగొచ్చేసరికి చీకటి. గేటు కాడ వెంకట్రాములు ఇంకా వాచ్‌మన్‌తో మాట్లాడతానే ఉండె.

తర్వాత నాలుగు గురువారాలు. నేను ఎట్ల బతికినానో ఆ దేవునికి తెల్సు. తార్ అందిందా? అందినా చదివేసినాడా? ఒక గురువారం రాలే. రెండో గురువారం రాలే. మూడోదీ రాలే. చదివేసినాడు, అంతే, అయిపాయె అనుకుంటిని. నాలుగో గురువారం బెంచీ కాడికి పోలే. వెంకట్రాములే ఉత్తరం పట్టుకొని వర్క్‌షాపు కాడికి పరిగెత్తుకుంటా వచ్చె.

"తమ్ముడూ, ఎంత పని చేశావయ్యా! మా ఊరికి టెలిగ్రాం అంటే చావు కబురే. మా తర్వాత వచ్చిన పోస్ట్‌మాన్ అది పట్టుకుని ఏడుస్తూ వచ్చాడు, నా చేతికివ్వడానికి చెయ్యి రాలేదు వాడికి. వీధి వీధంతా కదిలొచ్చింది. దుబాయిలో సూరిబాబు తమ్ముడు పోయాడట అని ఆడవాళ్లు శోకాలు మొదలుపెట్టారు. నాకు తమ్ముడున్నాడని వాళ్లకెలా తెలుసనుకున్నావు? వచ్చిన ఉత్తరమల్లా మేనకోడల్ని గుమ్మంలో ఆపి చదివి వినిపిస్తాను మరి. హెడ్మాస్టారొచ్చి చదివి అర్థం చెప్పేసరికి అందరూ తెల్లబోయారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు వెళ్లలేక కూర్చుండిపోయారు. కాఫీలు పెట్టారు. ఇన్నేళ్ల తర్వాత మా అరుగు మీద పదిహేనుమంది, దీపాలు పెట్టేదాకా. పుస్తకం సంగతి అడిగితే ఏడో అధ్యాయం చెప్పాను. నోరు తెరుచుకుని విన్నారు.

నీ ఉత్తరం తర్వాత ఆరు రోజులకు వచ్చింది. బరువును బట్టి మూడు కాగితాలుంటాయనుకుంటాను. తెరవలేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఊరందరి ఉత్తరాలూ మోశాను, తెరవమంటే తప్ప ఒక్కటి తెరవలేదు. వద్దన్న ఉత్తరం, అందులోనూ నువ్వు వద్దన్నది, తెరుస్తానా? ట్రంకు పెట్టెలో అడుగున పెట్టాను. పుస్తకం నిజమని నువ్వు వేరే చెప్పాలా? నేను చదివాను కదా."

చదివి ఎగిరి గంతేస్తిని. నిజంగా ఎగిరినా, కావాలంటే వెంకట్రాములును అడగండి. తెరవలే! ఆయన సిగ్గుపడలే, నాకు ఉత్తరాలు ఆగలే, ఇంకేం కావాల? ఆ మధ్యాన్నం వెంకట్రాములుకు నా చేత్తో చాయ్ పెట్టి ఇస్తిని. వర్క్‌షాపంతా విడ్డూరంగా చూసె.

మాపటికి, చేతులు కడుక్కుంటుంటే, అప్పుడు తట్టె నాకు. తెరవలేదంటే మొదటి కాగితం ఒక్కటే కాదు కదా. మూడూ తెరవలే. పుట్టి బుద్ధెరిగినాక నేనొక మనిషికి నా నోటితో నిజంగా చెప్పుకున్నది ఆ రెండు కాగితాలే. అవి ఇప్పుడు తుని పక్కన పల్లెలో, ఇనప్పెట్టె అడుగున, గంజి పెట్టిన చొక్కాల కింద ఉండాయి. వాటిని ఎవురూ చదవరు.

మళ్లా రాస్తే పాయె కదా అంటారు. అనొద్దండి, ప్రయత్నం చేయలేదనుకున్నారా? రాయబోతే రాదు. ఆఖరి ఉత్తరం కదా అని రాసినవవి. ఇప్పుడు ఆఖరిది కాదే. ఒకసారి, అన్నా, తెరిచి మొదటి కాగితం చూడకుండా చించేసి తక్కిన రెండూ చదువు అని రాద్దామనుకుంటిని. అట్ల ఎవురైనా చదువుతారాప్పా?

ఇంకా ఉత్తరాలు వస్తానే ఉండాయి. ఇప్పుడు ఆయన నాలుగో పుస్తకం కనిపెట్టినాడు, నేను దాంట్లో రెండు అధ్యాయాలు చదివినానని రాసినా. మధ్యాన్నం వచ్చిందే ఇది, చూడండి. మూడు కాగితాలు నిండా ముచ్చట్లే. కింద, ప్రతిసారీ రాసినట్లే, ఇదిగో ఈ లైను: 'నీ ఉత్తరం భద్రంగా ఉంది. తెరవలేదు.' బంగారం లాంటి మనిషి. మాటంటే మాటే. ఛ, ఎందుకు నిలబెట్టుకుంటాడప్పా ఆ మాట! ఒక్కసారన్నా తప్పి చదవకూడదా!